ముప్పై ఒక్క గీతలు

"ఆరూ పది నుంచి ఆరూ ఇరవై ఐదు దాకా నువ్వెక్కడున్నావు?"

నా వ్యాసం మొదటి పేజీ అంచున ఆకుపచ్చ సిరాతో ఈ ఒక్క ప్రశ్నే రాసి పంపింది ప్రొఫెసర్ పినో. దాని కింద మార్కులు. నూటికి నలభై ఎనిమిది. పాసవ్వాలంటే అరవై రావాలి. తిరగరాసి ఇవ్వడానికి మూడు వారాలు గడువు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కడున్నానా? ఎక్కడుంటాను తల్లీ, డ్యూటీలో ఉన్నాను! ఇరవై రెండేళ్ళుగా జోంకియేర్ ఊళ్ళో అదే ఇంట్లో, అదే వంటింట్లో ఉన్నాను. బుద్ధి పూర్తిగా ఎదగనివాళ్ళు ఆరుగురు కలిసి ఉండే ఇల్లది. వాళ్ళకి అన్నం పెట్టడం, బస్సెక్కడం నేర్పడం, గొడవలు తీర్చడం, ఏం జరిగిందో పూటపూటా పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. దానికి కాలేజీలో మూడేళ్ళు టెక్నికల్ డిప్లొమా చదివాను. ఇప్పుడు నలభై తొమ్మిదో ఏట ఆ డిప్లొమాని యూనివర్సిటీ డిగ్రీగా మార్చుకుంటున్నాను. మానవ శాస్త్రాల డిగ్రీ. ఐదేళ్ళుగా సాయంత్రాలూ శనివారాలూ ధారపోస్తే ఇక మిగిలింది ఇదొక్క వ్యాసం. ఒక మనిషి జీవితకథ రాయమన్నారు. నేను రెజాన్ గురించి రాశాను.

డిగ్రీ సంగతి కాసేపు పక్కన పెట్టి రెజాన్ సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా అతనిదే. రెజాన్‌కి యాభై నాలుగు. మా ఇంటికొచ్చి పందొమ్మిదేళ్ళయింది. అతని ప్రాణస్నేహితుడు ఫెర్నాన్ కూడా మా ఇంట్లోనే ఉండేవాడు. పదకొండేళ్ళ కిందట ఇద్దరికీ కలిపి ఒక చిన్న అపార్ట్‌మెంట్ ఇద్దామనుకున్నారు. సొంత తాళంచెవి, సొంత పొయ్యి, రోజుకోసారి ఎవరో వచ్చి చూసి వెళ్ళడం, అంతే. ఎవరిని పంపాలో తేల్చే సంఘం కూర్చుంది. ఫెర్నాన్‌కి సరేనంది, రెజాన్‌కి కాదంది. కారణం మాకు చెప్పలేదు. 'ప్రస్తుతం అనువుగా లేదు' అని ఒక వాక్యం వచ్చింది, అంతే. ఫెర్నాన్ వేరే అతనితో వెళ్ళిపోయాడు. రెజాన్ కిటికీ దగ్గర నిలబడి ఆ కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

ఇప్పుడు ఫెర్నాన్‌తో ఉంటున్న మనిషి తన అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. గది ఖాళీ. ఏప్రిల్ ఇరవై నాలుగున సంఘం మళ్ళీ కూర్చుంటుంది. మా సంస్థ నియమం ప్రకారం యాభై ఐదు నిండినవాళ్ళని అలాంటి అపార్ట్‌మెంట్లలోకి కొత్తగా తీసుకోరు. రెజాన్‌కి అక్టోబరులో యాభై ఐదు నిండుతాయి. అంటే ఇదే ఆఖరి అవకాశం.

నేను డిగ్రీకి చేరిందే ఆ పదకొండేళ్ళ నాటి కోపంతో. ఆ రోజుల్లో మమ్మల్ని సంఘం గదిలోకి రానిచ్చేవారు కాదు. గమనిక రాసేది మేము, సంతకం పెట్టేది డిగ్రీ ఉన్న పెద్దమనుషులు. రెజాన్‌ని నలభై నిమిషాలు చూసి ఎవడో నిపుణుడు అతని బతుకు తేల్చేశాడే అని ఎన్ని రాత్రుళ్ళు పళ్ళు నూరానో! సరే, ఆ కాగితమేదో నేనూ తెచ్చుకుంటాను, అప్పుడు నా మాట ఎందుకు వినరో చూస్తాను అనుకున్నాను.

మా ఆయన రెనాల్డ్ మంచు తోసే బండి నడుపుతాడు. నేను ఫీజు కట్టొచ్చిన రోజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మూడేళ్ళ డిప్లొమాకి ఎన్నేళ్ళు కట్టారు వాళ్ళు?"

"ఒక ఏడాది."

"మూడిస్తే ఒకటా! పాత ఇనుము కొనేవాడు కూడా అంత అన్యాయంగా తూచడే! పదిహేడేళ్ళ అనుభవానికి?"

"ఒక సబ్జెక్టు మాఫీ చేశారు."

"అయితే ఇంకో యాభై ఏళ్ళు పనిచేస్తే మొత్తం మాఫీ అయిపోయేది, తొందరపడ్డావు చదువుల తల్లీ" అన్నాడు. అన్నా, ఆ ఐదేళ్ళూ శనివారం వంట అతనే చేశాడు. ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి.

*

కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. ఆవిడకి నాకన్నా పదేళ్ళు తక్కువ. మా యూనివర్సిటీలో అందరూ అందరినీ 'నువ్వు' అనే అనుకుంటారు. నాకు మాత్రం ఆ రోజు 'మీరు' అనే వచ్చింది, కోపమొస్తే నాకు మర్యాద ఎక్కువవుతుంది.

"నేను రాసిందాంట్లో అబద్ధం ఒక్కటి చూపించండి" అన్నాను, కూర్చోకుండానే.

"అబద్ధం లేదు. కూర్చో గిలేన్. ఇది జీవితకథ అన్నావు. నాకు మాత్రం బస్సుల టైంటేబుల్ చదివినట్టుంది. 'ఆరూ పదికి బల్లమీద పిడికిలితో నాలుగు దెబ్బలు. ఆరూ ఇరవై ఐదుకి ప్రశాంతం.' ఎవరు చూశారు ఇది? గోడకి బిగించిన కెమెరానా?"

"కెమెరాకి జీతమివ్వరండీ. నాకిస్తున్నారు, ఉన్నదున్నట్టు రాయమని."

ఆవిడకేం తెలుసు మా చదువు! మాకు మొదటి వారం నేర్పేదే అది. 'ఏడ్చాడు' అని రాయి, 'బాధపడ్డాడు' అని రాయకు. ఎన్ని నిమిషాలు ఏడ్చాడో రాయి. 'నేను' అన్న మాట కాగితం మీద కనపడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన పొడి అక్షరాలు పెట్టు, చెరపకు. ఖాళీ లైను వదలకు. నేను వీటన్నిట్లో క్లాసు ఫస్టు. గమనిక రాయడంలో గిలేన్ తర్వాతే ఎవరైనా అని మా ఇంట్లో కొత్తగా చేరినవాళ్ళకి నా పుస్తకమే చూపించేవారు.

"సరే, అలాగే అనుకుందాం" అంది పినో. "ఆరూ పదికి బల్ల గుద్దిన మనిషి పావుగంటలో ప్రశాంతంగా ఎలా అయ్యాడు? మందేశారా?"

"మందెందుకు? పేకాట ఆడాం!"

ఆవిడ కలం కింద పెట్టింది. "ఎవరెవరు?"

"రెజాన్, ఫెర్నాన్, ఇంకో ముసలాయన ఒవిలా, నేనూ. 'ఐదొందలు' ఆటకి నలుగురుండాలిగా."

"అయితే ఆ గుద్దడం?"

"గుద్దడం కాదండీ బాబూ. వాళ్ళ నాన్న కలప లారీ తోలేవాడు. గురువారం ఇంటికొచ్చేవాడు. సూప్ తాగడమవగానే బల్లమీద నాలుగుసార్లు కొట్టేవాట్ట, నలుగురు రండ్రా ఆటకి అని. రెజాన్‌కీ అదే అలవాటు. మా ఇంట్లో అందరికీ తెలుసు."

"ఈ వ్యాసంలో అది ఎక్కడుంది?"

"అందరికీ తెలిసిందాన్ని కూడా రాస్తారా ఎవరైనా!"

ఆవిడ మెల్లిగా అంది. "అందరికీ అంటే ఆ వంటింట్లో ఉన్నవాళ్ళకి. కాగితం చదివేవాళ్ళు ఆ వంటింట్లో ఉండరు గిలేన్. నీ గమనికలు ఒక్కటే కాదు, అతని ఫైలు మొత్తం చదువు. తర్వాత రాయి."

సరే అని వచ్చేశాను. మెట్లు దిగుతున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉన్నాను. ముప్పై పేజీల వ్యాసానికి పావుగంట పేకాట ఒక్కటే దొరికిందా ఈవిడకి అని.

*

మామూలుగా ఫైల్లో మాలాంటి డిప్లొమా టెక్నీషియన్లు తెరిచేది ముందు భాగమే. వెనక ఎర్రట్ట వేసిన భాగం సంతకం ఉన్నవాళ్ళది. విద్యార్థినిగా చదవాలంటే రెజాన్ ఒప్పుకోవాలి, అతని చెల్లెలు ఉగెట్ ఒప్పుకోవాలి. ఉగెట్ ఫోన్లోనే సరేనంది. రెజాన్ అనుమతి కాగితం మీద తన పేరు ఎంత పెద్దగా రాశాడంటే తేదీకి చోటు మిగల్లేదు.

"నా గురించి పుస్తకం రాస్తున్నావా?" అన్నాడు.

"వ్యాసం."

"బొమ్మలుంటాయా?"

"ఉండవు."

"అయితే ఎవరు చదువుతారు!" అని నవ్వాడు.

సంస్థ నేలమాళిగలో ఫైళ్ళ గది. బయట ఏప్రిల్ మంచు కరిగి బురద, బూట్లు గుమ్మం దగ్గరే విడిచి మేజోళ్ళతో కూర్చున్నాను. ఎర్రట్ట తీశాను. పదకొండేళ్ళ కిందటి నివేదిక నాలుగో కాగితమే.

'గత సంవత్సరంలో అక్టోబరు నుంచి మే దాకా, పిడికిలితో బల్లను బలంగా గుద్దిన సంఘటనలు ముప్పై ఒకటి నమోదయ్యాయి. అన్నీ సాయంత్రం భోజనం తర్వాతే. కారణం తెలియదు. కలిసి ఉండబోయే వ్యక్తికి ప్రమాదం ఉండవచ్చు. అపార్ట్‌మెంటుకు ప్రస్తుతం అనువుగా లేదు. అనుబంధం చూడండి.'

అనుబంధం చూశాను. అది నా పట్టిక.

నేను స్కేలు పెట్టి గీసింది. గంటలు అడ్డంగా, వారాలు నిలువుగా, గుద్దిన పూటకొక నీలం గీత. ఆ ఏడాది ఇంట్లో ఎవరెవరు ఏ వేళకి ఏం చేస్తారో లెక్కపెట్టమన్నారు. మిగతావాళ్ళు వారం రాసి వదిలేస్తే నేను ఎనిమిది నెలలు ఒక్క రోజు తప్పకుండా రాశాను. మా పై అధికారి దాన్ని మెచ్చుకుని గోడకి కూడా తగిలించాడు. ముప్పై ఒక్క గీతలు. ప్రతి గీత పక్కనా నా పొడి అక్షరాలు.

తల కొట్టేసినట్టయింది. ఆ నిపుణుణ్ణి పదకొండేళ్ళు తిట్టాను నేను. పాపం ఆయన చేసిన పాపమేంటి? నేను రాసింది నమ్మాడు. కంచే చేను మేసిందంటే ఇదే. రెజాన్‌ని ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ప్రేమించినదాన్ని నేనే, అతన్ని అక్కడ పదకొండేళ్ళు ఆపేసినదాన్నీ నేనే. ఒక్క మాట, 'పేకాటకి పిలిచాడు' అని ఒక్క మాట రాసుంటే చాలు. నాకు తెలియక కాదు. తెలిసీ రాయలేదు, రాయకపోవడమే మంచి పనితనం అనుకుని.

ఆ గదిలో ఎంతసేపు కూర్చున్నానో. ఫైళ్ళమ్మాయి వచ్చి "మూసేస్తున్నాం మేడం" అంటే లేచాను. బూట్లు తొడుక్కోవడం మర్చిపోయి మేజోళ్ళతో బురదలోకి అడుగేశాను.

*

ఇంటికెళ్ళేసరికి రెనాల్డ్ బాకులా చిక్కుళ్ళ సూప్ వేడి చేస్తున్నాడు. నా కాళ్ళు చూసి ఏదో వెటకారం చేయబోయి మొహం చూసి ఆగిపోయాడు. మొత్తం చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఎన్ని నిమిషాలో ఎవరూ రాసుకోలేదు.

"నాలుగు దెబ్బలా?" అన్నాడు చివరికి. "అది ఆటకి పిలుపని నాకే తెలుసే, నేను మీ డ్యూటీ ఇంటికి క్రిస్మస్‌కి తప్ప రాను!"

"అందుకే కదా నా ఏడుపు!"

గరిటె పట్టుకునే కూర్చున్నాడు. "సంఘం ఎప్పుడు?"

"పన్నెండు రోజుల్లో. ఏం చెయ్యాలో తెలుసు నాకు. 'ఆలస్యపు నమోదు' అని ఉంటుంది. పాతది చెరపకూడదు గానీ ఇవాళ్టి తేదీ వేసి, మర్చిపోయినది చేర్చి, సంతకం పెట్టొచ్చు. రేపే క్లెమాన్‌కి చెప్తాను."

క్లెమాన్ మా పై అధికారి.

"ముందు వాడికి చెప్పు" అన్నాడు రెనాల్డ్.

"ఎవరికి?"

"రెజాన్‌కి, ఇంకెవరికి? ఆఫీసుకి ఎలాగూ చెప్తావు, నీకు కాగితాలంటే ప్రాణం. ఆ పదకొండేళ్ళు ఎవరివి? క్లెమాన్‌వా?"

ఆ మాట నాకు తట్టనే లేదు. నిజంగా తట్టలేదు. అదే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది.

అయినా మర్నాడు ముందు క్లెమాన్ దగ్గరికే వెళ్ళాను. రెజాన్ మొహం చూడ్డం కన్నా అది తేలిక కాబట్టి. క్లెమాన్ చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు.

"గిలేన్, ఒక నెల ఓపిక పట్టు. డిగ్రీ చేతికి రానీ. ఇప్పుడు నువ్వే 'నా పట్టిక తప్పుదారి పట్టించింది' అని రాస్తే, నీ ఇరవై రెండేళ్ళ గమనికలూ తిరగదోడతారు. నిన్ను పక్కన పెట్టొచ్చు. చదువుకీ ఎసరొస్తుంది."

"నెలాగితే సంఘం అయిపోతుంది."

"సంఘం ముందు నోటితో మంచిగా చెబుదాం. కాగితం మీద ఎందుకు?"

"నోటితో చెప్తే గాలికి పోతుంది. అతన్ని ఆపింది కాగితం. కాగితమే విడిపించాలి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అని తల పట్టుకున్నాడు.

అబద్ధమెందుకు, ఆ రోజంతా ఊగిసలాడాను. ఐదేళ్ళ చదువు. పెన్షన్‌కి ఇంకా తొమ్మిదేళ్ళు. క్లెమాన్ మాట విందామనే అనిపించింది రెండు మూడుసార్లు. శనివారం పొద్దున డ్యూటీకి వెళ్ళేసరికి రెజాన్ ఒక్కడే వంటింట్లో కూర్చుని రొట్టెకి వేరుశనగ వెన్న రాస్తున్నాడు, అంచుల దాకా, ఒక్క చోటు వదలకుండా. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. మొత్తం.

చాకు ఆపి విన్నాడు.

"నువ్వు రాశావా?"

"రాశాను."

"పేకాట అని రాయలేదా?"

"లేదు."

"నువ్వూ ఆడావుగా."

"ఆడాను."

"గెలిచావు కూడా."

"అవును, గెలిచాను."

చాకు పక్కన పెట్టాడు. "అది నా గురించేగా? మరి నాకెందుకు చదివి వినిపించలేదు? నేనైతే చెప్పేవాణ్ణి."

పందొమ్మిదేళ్ళు రాశాను. అతను తిన్నది, తాగింది, పడుకున్నది, అరిచింది. ఒక్కరోజు, ఒక్క పేజీ అతనికి చదివి వినిపిద్దామని నాకు గానీ, మా ఇంట్లో ఎవరికి గానీ, కాలేజీలో మాకు నేర్పినవాళ్ళకి గానీ తోచలేదు. అతనికి చదవడం రాదు. మాకొచ్చుగా!

"నాకు తెలీదు రెజాన్. చదవాల్సింది. క్షమించు."

అతను కంచం సింకులో పెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. విసురుగా కాదు. మామూలుగానే వేసుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. ఉప్పు కావాలన్నా పక్కవాళ్ళనే అడిగేవాడు.

ఆ మధ్యాహ్నమే రాశాను. డ్యూటీ గదిలో, నల్ల సిరాతో.

'ఆలస్యపు నమోదు. ఆ ముప్పై ఒక్క సాయంత్రాలూ నేను అక్కడే ఉన్నాను. రెజాన్ బల్లమీద కొట్టింది పేకాటకి పిలవడానికి. ఆ అలవాటు అతని తండ్రిది. ఆ సంగతి నాకు మొదటి చలికాలం నుంచే తెలుసు. రాయలేదు. అతను ప్రశాంతంగా ఉన్నాడని నేను రాసిన ప్రతిసారీ, పేకముక్కలు పట్టుకుని అతనికి ఎదురుగా కూర్చున్నది నేనే. ఈ సంగతి ఇవాళ రెజాన్‌కి చెప్పాను. ముందే తనకి చదివి వినిపించి ఉంటే తానే చెప్పేవాణ్ణన్నాడు. అతని మాట నిజం.'

మొదటిసారి 'నేను' అని రాసి, కొట్టేయబోయి ఆగాను. తర్వాత అలవాటైపోయింది. అదే ఊపులో ఇంటికెళ్ళి వ్యాసం మొదటి వాక్యం నుంచీ తిరగరాశాను.

*

ఏప్రిల్ ఇరవై నాలుగు. సంఘం గదిలో పెద్ద బల్ల చుట్టూ ఐదుగురు. నాకు గోడ పక్కన కుర్చీ. ఇప్పుడు టెక్నీషియన్లని రానిస్తున్నారు, బల్ల దగ్గరికి కాదు, గోడ దాకా. రెజాన్ నీలం టై కట్టుకుని చెల్లెలు ఉగెట్ పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

కొత్త నివేదిక రాసింది మోద్ అనే చిన్నమ్మాయి. కిందటేడే యూనివర్సిటీ నుంచి వచ్చింది. పాత నివేదికలోని ముప్పై ఒక్క సంఘటనలనే తన కాగితంలోనూ ఎక్కించింది, అందులో ఆమె తప్పేం లేదు. అది చదివాక, నా ఆలస్యపు నమోదు కూడా పైకి చదివింది. చదువుతుంటే గొంతు తగ్గింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు, క్లెమాన్ కిటికీ వైపు చూశాడు.

"మీరేమైనా చెప్తారా రెజాన్ గారూ?" అన్నాడు అధ్యక్షుడు.

రెజాన్ లేచి నిలబడ్డాడు. లేవక్కర్లేదని ఉగెట్ చెయ్యి పట్టుకున్నా లేచాడు.

"నేను ఫెర్నాన్‌ని కొట్టలేదు. ఎవర్నీ కొట్టలేదు. ఫెర్నాన్ నా స్నేహితుడు. మీరెవరూ నన్నడగలేదు." అప్పుడు చెయ్యి చాపి నన్ను చూపించాడు. "ఆమె కూడా అడగలేదు."

తర్వాత కూర్చుని టై సర్దుకున్నాడు.

మమ్మల్ని బయటికి పంపి ఇరవై నిమిషాల తర్వాత పిలిచారు. సరేనన్నారు. మొదట మూడు నెలలు చూస్తారట, ఆ పైన శాశ్వతం. ఉగెట్ బావురుమంది. రెజాన్ "తాళంచెవి ఎప్పుడిస్తారు?" అని అడిగాడు.

నాకు వారం తర్వాత సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వృత్తిధర్మం ప్రకారం సందర్భం నమోదు చేయకపోవడం తీవ్రమైన లోపమనీ, దీన్ని నా ఫైల్లో ఉంచుతున్నామనీ. ఉంచుకోండి. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. వ్యాసానికి పినో డెబ్భై ఒకటి వేసింది. ముగింపులో తొందరపడ్డావని తిట్టింది కూడా. జూన్‌లో డిగ్రీ పోస్టులో వచ్చింది. రెనాల్డ్ దాన్ని వంటింటి గోడకి తగిలిస్తానంటే వద్దన్నాను, గోడకి తగిలించిన కాగితాల మీద నాకు మోజు పోయింది.

*

జూలై ఒకటి. మా వైపు ఊరు ఊరంతా ఇళ్ళు మారే రోజు. వీధి నిండా పరుపులు, ఫ్రిజ్‌లు, తిట్లు. రెనాల్డ్ తన స్నేహితుడి ట్రక్కు తెచ్చాడు. రెజాన్ సామానంతా కలిపి తొమ్మిది పెట్టెలు. నేనొక పెట్టె ఎత్తబోతే "అది రెనాల్డ్ మోస్తాడు" అన్నాడు, నన్ను చూడకుండా. ఇంకోటి ఎత్తబోతే దాని మీద కూర్చున్నాడు.

ఫెర్నాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, ఒక చెవికి మిషను పెట్టారు. రెజాన్‌ని ఎగాదిగా చూసి, "చాలా ఆలస్యమైంది" అన్నాడు.

"అవును."

"నీ మంచం కిటికీ పక్కన వేశాను. చలేస్తే చెప్పు."

రెజాన్ లోపలికెళ్ళి ఒక్కో కుళాయీ తిప్పి చూశాడు, పొయ్యి చూశాడు, తాళంచెవి తలుపులో పెట్టి లోపల్నుంచి ఒకసారి, బయట్నుంచి ఒకసారి తిప్పాడు. పెట్టెలన్నీ పైకి చేరాక రెనాల్డ్ ట్రక్కు దగ్గరికి దిగిపోయాడు. నేను గుమ్మం బయట ఆగాను. రమ్మనలేదు కాబట్టి లోపలికి వెళ్ళలేదు.

"రెజాన్, నా మీద కోపం ఇంకా ఉందా?"

రెండు నెలల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి సూటిగా చూశాడు. "ఉంది."

"ఎప్పటిదాకా ఉంటుంది?"

ఆలోచించాడు. నిజంగా లెక్కేసుకుని మరీ ఆలోచించాడు. "చాలా రోజులు."

పందొమ్మిదేళ్ళలో ఆ మనిషి కోపాన్ని ఎన్నిసార్లు బుజ్జగించి ఉంటాను! కాఫీ ఇచ్చి, బిస్కెట్టు ఇచ్చి, మాట మార్చి. నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఆ రోజు మింగేశాను. అప్పుడు కోపమే లేని మనిషి మీద ముప్పై ఒక్క గీతలు పెట్టాను. ఇప్పుడు నిజంగానే కోపమొచ్చింది. అదీ నా మీద. అదీ న్యాయంగా.

"సరే. ఉండనీ" అన్నాను.

అతను తలూపి తలుపు వేసుకున్నాడు. లోపల తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. మెట్ల మీదే ఏడ్చేశాను, అయినా తలుపు తట్టలేదు.